అతుకు

షెడ్డులో పైకి లేపిన ఎస్‌యూవీ కింద మెకానిక్ వెల్లకిలా పడుకుని, చాసిస్ పొడవునా చిన్న సుత్తితో కొడుతూ వింటున్నాడు. చంటిపాపను చంకనేసుకున్న తల్లి వంగి చూస్తోంది.

“ఎడమ పక్కకి లాగుతోందన్నాను గానీ, డోలు వాయించమనలేదు బాబాయ్.”

“చాసిస్ అంటే బండికి వెన్నెముకమ్మా. బాగుంటే గంటలా మోగుతుంది. ఇక్కడ మాత్రం, విను, మొద్దు చప్పుడు.”

“తుప్పా?”

“తుప్పయితే గీకి రంగేసేవాణ్ణి. ఇది అతుకు. విరిగినదాన్ని అతికించి, పైన నల్లరంగు పూశారు.”

“గీత కూడా పడని బండని అమ్మినాయన పిల్లల మీద ఒట్టేశాడే.”

“అతనికీ తెలిసుండదు.”

“మరి మీకెలా తెలుసు?”

“అతుకు చివర మూడు చుక్కలు పెట్టే అలవాటు ఈ చుట్టుపక్కల ఒక్కడికే ఉంది.”

“ఎవరికి?”

“నాకే. ప్రమాదంలో విరిగిన ఈ బండిని తెచ్చినవాళ్లు, విప్పి సామాను కింద అమ్ముతామన్నారు. లాక్కెళ్లడానికి వీలుగా అతికించి ఇచ్చాను. మళ్లీ రోడ్డెక్కిస్తారనుకోలేదు.”

“అప్పుడు దెబ్బ ఎవరికి తగిలింది?”

“పాపను ఎక్కడ కూర్చోబెడతావు?”

“వెనక, ఎడమ పక్క. నేనడిగింది అది కాదు బాబాయ్.”

“నువ్వడిగినదానికి జవాబూ అదేనమ్మా. ఆ సీట్లోనే, ఇంత పాపే.”

“అక్కడ కూర్చోబెడితే చాలు, గుక్కపట్టి ఏడుస్తుంది. పళ్లొస్తున్నాయేమో అనుకున్నాను.”

“అతుకు గట్టిదే. నడుస్తుంది.”

“మీ మనవరాలైతే అక్కడ కూర్చోబెడతారా?”

సుత్తి పక్కన పడేసి అతను బయటికి పాకి వచ్చాడు, పాప మొహం వైపు మాత్రం చూడలేదు.

“తాళాలిచ్చి బస్సులో వెళ్లమ్మా. ఈసారి నా చేత్తో ముక్కలుగా కోసేదాకా దీన్ని షెడ్డు దాటనివ్వను.”