కొత్త వెర్షన్ వేసిన చెయ్యి

తమ్ముడి చెయ్యి ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు కింద నలిగిపోయిన మర్నాడు, వెల్డరు ఇనపరాడ్డు పట్టుకుని కంప్యూటర్ గదిలోకి దూసుకొచ్చాడు. ప్రోగ్రామరు కాలరు దొరకబుచ్చుకున్నాడు.

"మిషను ఎందుకు ఆగలేదురా?"

"ఆపాల్సిన ప్రోగ్రాం బిగుసుకుపోయిందన్నా. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, ఇంటర్‌ప్రెటర్ అంటారు, దానికి కొత్త వెర్షన్ వేశాం. అది పాతదానికి రెండింతల మెమరీ తింటుంది. మెమరీ చాలక..."

రాడ్డు దెబ్బకి టేబుల్ మీది అద్దం భళ్లున పగిలింది.

"తింటుందని ఎప్పుడు తెలిసింది?"

"ముందే. రెండూ పక్కపక్కన నడిపి చూశాను. మేనేజరుకి చెప్పాను కూడా."

"ఏమన్నాడు?"

"ఏం కాదులే, వేసెయ్ అన్నాడు."

"మరి వేసిందెవరు?"

ప్రోగ్రామరు తలుపు వైపు చూశాడు. ఈసారి రాడ్డు కుడి భుజమ్మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అతనికే వినిపించింది.

"అడుగుతుంటే చెప్పవేంరా! వేసిందెవరు?"

"నేనే... నేనే అన్నా!"

వెల్డరు మళ్లీ రాడ్డెత్తాడు. గోడ అవతల ప్రెస్సు ధన్ ధన్‌మంటూ మొదలైంది. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

"అది ఇంకా ఆ కొత్తదాంతోనే నడుస్తోందా?"

"అవునన్నా. ఆపొద్దన్నారు."

వెల్డరు అతన్ని కాలరు పట్టి ఈడ్చి కుర్చీలో కూలేశాడు.

"పాతది వెయ్యి. ఆ మిగిలిన చేత్తోనే వెయ్యి. మేనేజరొస్తే తలుపు దగ్గర నేనుంటా."