తాబేలు గుడ్ల మీద రెండు జెండాలు

సభాధ్యక్షులు, మన పంచాయతీ ప్రెసిడెంటు బసవపున్నయ్య గారికి, పెద్దలకు, తోటి ఉపాధ్యాయులకు, బయట వరండాలోనే నిలబడిపోయిన తల్లులకు నమస్కారాలు. అమ్మా, లోపలికి రండి. బెంచీలు సర్కారువి, ఎవరి తాతలవీ కావు.

ఈరోజు పదవీ విరమణ చేస్తున్న యోబు మాస్టారిని ఇంతసేపూ శాంతమూర్తి అన్నారు. నేనొప్పుకోను. బాపట్ల సముద్రపుటొడ్డున పనిచేసిన రోజుల్లో తెల్లారగట్ల ఇసుక వెంట నడిచి తాబేలు గూళ్లు కాపాడిన అలవాటును, బదిలీ అయినా వదలక మన అచ్చంపేట దాకా మోసుకొచ్చి, కృష్ణ ఇసుకలోనూ తాబేళ్లు గుడ్లు పెడతాయని మనకు చూపించి, జీతం బత్తెం లేకుండా ఏటా వేసవంతా ఏటి వెంట నడిచిన మనిషి శాంతమూర్తి ఎట్లా అవుతాడండీ? జగమొండి! (నవ్వులు)

వచ్చిన ఏడే, బండి చక్రాలు గూళ్ల మీద ఎక్కకుండా, వారి భార్య హన్నమ్మ గారి పాత ఎర్రచీర చింపి, పుల్లలకు కట్టి, గూడు గూడుకూ ఒకటి పాతారు. ఇంకేముంది! మా ఎర్రజెండా పార్టీవాళ్లు ఏటి ఇసుక ఆక్రమించారని ఊరంతా గోల. పుచ్చపాదుల కోసం ఆ ఇసుక మీద కన్నేసిన మన అధ్యక్షులు ఊరుకుంటారా? "ఏందిరా, ఏట్లో గూడా మీ జెండాలేనా?" అంటూ మనుషుల్ని తోలి, ప్రతి ఎర్రగుడ్డ పక్కనా తమ పార్టీ జెండా పాతించారు. అది చూసి మావాళ్లు కాపలా కూర్చున్నారు. బసవపున్నయ్య గారూ, అటు తిరక్కండి, ఇందులో మీ సేవే ఎక్కువ! మీవాళ్లు మావాళ్లనీ, మావాళ్లు మీవాళ్లనీ కాచుకుని కూర్చోబట్టి, ఆ వేసవి గూళ్ల దగ్గరికి నక్క కూడా రాలేకపోయింది. గుడ్లు చిట్లి పిల్లలు నీళ్లలోకి పాకుతుంటే రెండు పార్టీలూ నోళ్లు తెరుచుకుని చూశాయి. మాస్టారు మాత్రం, "ఇయ్యి ఎవరికి ఓటేస్తయ్యో అడగండయ్యా" అన్నారు. (చప్పట్లు)

నవ్వింది చాలు. శాలువా కప్పాం, దండ వేశాం, మన పని అయిపోయిందా? రేపు ఆయన వినుకొండలో కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. గూళ్లు ఇసుకలోనే ఉన్నాయి. "ఒక్కడన్నా దొరికాడా, తమ్ముడూ?" అని నిన్న నన్నడిగారు. ఏ సభలోనూ మాటకు తడుముకోని నేను, "రేపు సభలో అడుగుతాను మాస్టారూ" అని తప్పించుకొచ్చాను. అందుకే అడుగుతున్నాను, రేపటి నుంచి నడిచేదెవరు?

ప్రెసిడెంటు గారేదో అంటున్నారు. గట్టిగా అనండి!

"ముందు నువ్వు నడుస్తావా, అది చెప్పవయ్యా?"

నడుస్తాను!

"అట్టయితే ఏరంతా నీ పార్టీకి ఇడిచిపెడతాననుకున్నావా? రేవుకు ఎగువ మీరు, దిగువ మేము. ఎవురి పక్కన గుడ్డు పోతే వాళ్లు ఓడినట్టు!" (ఈలలు, చప్పట్లు)

ఒప్పుకున్నాం! మాస్టారూ, కళ్లు తుడుచుకోండి. ఇది ఐకమత్యమని పొరపడకండి, అచ్చమైన కక్ష. కానీ మన ఊళ్లో రోడ్డు నిలవదు, బడి కప్పు నిలవదు, కక్ష ఒక్కటే తరతరాలు నిలుస్తుంది. దాన్ని నమ్ముకుని నిశ్చింతగా బస్సెక్కండి.

ఓపిగ్గా విన్న మీకూ, మధ్యలో అరిచిన అధ్యక్షులకూ కృతజ్ఞతలు. ఆయన మనుషులకంటే ముందే నేను రేవులో ఉండాలి గనక, సెలవు.