ఆరో సీడీకి వచ్చిన తీర్పు

పాటల కంపెనీలో మేనేజరు గది. బల్లకు అటు మేనేజరు, ఇటు ఆయన చెల్లెలి మొగుడు. ఆ కంపెనీ సీడీలకు కవర్లు తయారుచేసేది ఇతనే. అన్నం పెట్టేది ఆ కవర్లయినా ప్రాణమంతా ఫ్లూటే.

"అది కాదు బావగారూ, నేనొచ్చింది ఒక్క మాట చెప్పి..."

"ఉండవయ్యా, ముందు నన్ను చెప్పనీ. కడుపులో దాచుకుంటే నాకే బరువు. నువ్విచ్చిన ఫ్లూట్ సీడీ విన్నాం బావా. మా ఓనరూ నేనూ కూర్చుని మొత్తం విన్నాం."

"విన్నారా?"

"వినక? చెల్లాయి మొగుడివి, పరాయివాడివా! బాగుంది. చాలా బాగుంది. కానీ..."

"కానీ?"

"ఓనరు ఒప్పుకోలేదు. ఊపిరి ఉంది గానీ ప్రాణం లేదన్నాడు."

"నిరుడు కూడా ఇదే మాటన్నారు."

"ఏం చెయ్యను మరి! ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. నేనైతే గట్టిగా వాదించాను. ఆ రెండో పాట ఉంది చూశావూ, అబ్బ! నాకు ఒళ్ళు జలదరించిందంటే నమ్ము."

"రెండో పాట."

"ఆఁ. ఇక కవరంటావా, చెప్పక్కర్లేదు. ఆ నీలం రంగు, ఆ అక్షరాలు! అందుకే ఇదిగో ఈ కాగితం. ఇకమీదట డిజైన్ పనికంతటికీ నువ్వే పెద్ద. సంతకం పెట్టెయ్. ఇదీ కుదరకపోతే ఫ్లూట్ అటకెక్కించేస్తానని చెల్లాయికి మాటిచ్చావటగా?"

"ఇచ్చాను."

"మరింకేం! పెన్ను లేదా? ఇదిగో."

"పెన్ను వద్దు. ఇది చూడండి."

"ఏంటిది, సీడీనా? అప్పుడే ఇంకోటి చేశావా?"

"ఇంకోటి కాదు, అదే. రంగు సరిగ్గా పడిందా, మడత కుదిరిందా అని చూసుకునే హడావిడిలో సీడీ లోపల పెట్టడమే మర్చిపోయాను. ఖాళీ కవరు అంటించేసి మీ చేతిలో పెట్టాను. పొద్దున చూస్తే ఇది ఇంట్లో కంప్యూటర్లోనే ఉంది. అయ్యో, బావగారు కవరు విప్పి ఏమనుకున్నారో, క్షమించమని అడుగుదామని పరిగెత్తుకొచ్చాను. నేను చెప్పాలనుకున్న ఒక్క మాటా ఇదే. ఇప్పుడు చెప్పండి, రెండో పాట ఎలా ఉంది?"

"టీ తాగుతావా బావా?"

"వద్దు."

"పనుల్లో పడి... ఈసారికి, ఈ ఒక్కసారికీ..."

"నా పాత సీడీలు పెట్టిన ఆ బీరువా తెరవండి."

"తాళం ఎక్కడ పెట్టానో..."

"దానికే వేలాడుతోంది. తప్పుకోండి, నేనే తెరుస్తాను. ఇది నిరుటిది. అంతకుముందుది. దానికి ముందుది. ఇదొకటి. నాలుగింటికీ నేనంటించిన కాగితం పట్టీ అంటించినట్టే ఉంది. అది చింపితే గానీ సీడీ బయటికి రాదు. నేను చేసిన కవరు నాకు తెలీదా!"

"మెల్లగా మాట్లాడు, బయట వింటారు."

"విననీండి! మీ ఓనరుకి ఒక్కటైనా ఇచ్చారా?"

"లేదు."

"ఆ ప్రాణం లేదన్న మాట ఆయనది కాదా?"

"నాదే."

"ఐదేళ్ళు బావగారూ! ఆ మాట పట్టుకుని ఐదేళ్ళు ఏడ్చాను. ఫ్లూట్ నోటి దగ్గర పెట్టుకున్న ప్రతిసారీ ఆ మాటే వినపడేది. మీ చెల్లెలికి తెలుసా?"

"తెలీదు. ఒట్టు."

"పరాయివాడైతే పోనీలే అనుకునేవాణ్ణి. ఒకే మాస్టారి దగ్గర నేర్చుకున్నాం మనం. నా వేళ్ళు పట్టుకుని దిద్దింది మీరు. ఉద్యోగం పెరిగి మీరు వాయించడం మానేసినా, సంగీతం తెలిసిన మనిషని మీ మాట వేదవాక్కనుకున్నాను. నమ్మించి గొంతు కోశారు కదా!"

"తిట్టు. ఎంత కావాలంటే అంత తిట్టు."

"తిట్టడానికి నోరు రావట్లేదు. దేనికి చేశారిదంతా? నాకు ఫ్లూట్ మీద పేరొస్తే మీకు కవర్లు చేసేవాడు దొరకడనా?"

"అలాగే అనుకో బావా. అలా అనుకుంటే నాకూ తేలిక."

"మొత్తం ఆరు సీడీలిచ్చాను. ఇక్కడ నాలుగున్నాయి, బల్ల మీద ఖాళీది ఒకటి. మొట్టమొదటిది ఏదీ?"

"వదిలెయ్."

"ఏదీ? పారేశారా?"

"ఇంట్లో ఉంది."

"ఇంట్లో ఎందుకు? అదీ విప్పలేదా?"

"అదొక్కటే విప్పాను. విన్నాను బావా, మొదట్నుంచి చివరిదాకా విన్నాను. మర్నాడే నా ఫ్లూట్ పట్టుకెళ్ళి మాస్టారికి తిరిగిచ్చేశాను."