బావికాడి డబ్బా

కాదప్పా జయరాముడూ, వంటింట్లో ఒక స్పీకరు డబ్బా, నడవలో ఒకటి, మిద్దె మీద ఒకటి, చెనక్కాయల కొట్లో ఒకటి, ఆఖరికి దేవుని గూటి పక్కన కూడా ఒకటి. చాల్లేదా? ఇప్పుడు బావికాడ ఇంకోటా? బావి ఏం పాటలు వింటాదప్పా?

మెల్లగా మాట్లాడమంటావా? ఎందుకు? నువ్వే గదా డబ్బాల ఫీజు పీకినావు. దాన్ని మళ్ళీ పెట్టేదాకా ఈ ఇంట్లో నాకు నోరుండాది. తర్వాత ఉండదు. అందుకే, నిచ్చెన ఎక్కకముందే నా మాట విను.

మా మామ గోపాలయ్య సంగతి నీకు తెలియంది కాదు. పక్షవాతం వచ్చి కాళ్ళు పడిపోయినాయి. ముందరి వసారాలో మంచం, మంచం పక్కన రేడియో, దాని పక్కన నువ్వు చేసిచ్చిన ఆ స్విచ్చీల పెట్టె. ఏది తిప్పితే ఆ గదిలో ఆయన గొంతు. "కోడలా, కాఫీ." "కోడలా, మిద్దె మీద వడియాలు కాకుల పాలైతాండాయి." పాపం, ఆయనకు ఇవే కాళ్ళు అనుకున్నా. మా గదుల్లో ఆపుకునేదానికి ఒక్క స్విచ్చన్నా పెట్టినావా? లేదు. ఆయన వార్తలు వింటే ఇల్లంతా వార్తలే. సరే, వింటాంలే.

కానీ మాట్లాడే డబ్బా వింటాది కూడా అని నాకెవరు చెప్పినారు? నీకు తెలుసు గదా? చెప్పినావా?

పెండ్లయి వచ్చినప్పటి నుంచి మామ ముందర నేను ఒక్క మాట మాట్లాడలేదప్పా. మా ఇండ్లల్లో కోడండ్ల మర్యాద అది. తలుపు చాటున నిలబడి గాజులు కదిలిస్తే, వచ్చినానని ఆయన తెలుసుకుంటాడు. నా గొంతు ఎట్లుంటాదో ఆయనకు తెలీదు. అట్లాంటాయన నా సణుగుడంతా మంచం మీద పండుకోని విన్నాడే!

ఏం విన్నాడా? చౌడమ్మ సంగతి విన్నాడు.

చౌడమ్మ తెలుసు గదా, మా కొట్లో చెనక్కాయలు వొలిచే మనిషి. కూతురు బాలింత. వాళ్ళ గేరిలో, ఆ వీధికంతా ఉండే ఒక్క బావి ఎండిపాయ. ఎండిన వంక ఇసకలో చెలమ తోడితే చెంబెడు బురద. ఆ నీళ్ళు బాలింతకు తాపుతారా? మా బావిని ఆమె ముట్టగూడదు, అదొకటి. అందుకని మధ్యాన్నం మామ కునుకు తీసేటప్పుడు నేనే చేది, వెనక వాకిలి దగ్గర ఆమె కడవలో పోస్తాంటి. ఒక్క కడవ.

ఆ పొద్దు వంటింట్లో నుంచి, "చప్పుడు చేయాకు చౌడమ్మా, మామ పండుకోనుండాడు" అంటి. అంతే. గోడ మీద డబ్బా పలికింది. "పండుకోలేదు కోడలా."

నవ్వుతాండావా? నవ్వు. ఇంకొకరి ఇంట్లో అయితే నేనూ నవ్వుదును.

ఆయన్ను నేను తిట్టను. బావిలో మోకాలెత్తు నీళ్ళు లేవు. చినుకు పడి ఎన్నాళ్ళాయ? "రేపు మనకు లేకపోతే ఎవరు పోస్తారు?" అంటాడు. అదీ నిజమే. కానీ ఆ బాలింతకు నోరు పిడచ గట్టి, బిడ్డకు పాలు రాలేదంట.

మా ఆయన్ను చెప్పమంటే, "నాయనతో నేనేం మాట్లాడేది" అని బళ్ళారి బస్సెక్కినాడు. ఆఖరికి మామే అన్నాడు, డబ్బాలో. "ఏమన్నా ఉంటే నువ్వే ఈ డబ్బాలో చెప్పు కోడలా. మొగం చూసేది లేదు, మర్యాద చెడేది లేదు." చెప్పినానప్పా! డబ్బా ముందర కూడా కొంగు నిండుగా కప్పుకోని నిలబడినా. బాలింత అని చెప్పినా. ఒక్క కడవే అని చెప్పినా. కావాలంటే నా స్నానం మానుకుంటానని చెప్పినా. ఇంకా చెప్తానే ఉండా, డబ్బాలో నుంచి వార్తలొచ్చినాయి. కోస్తాలో వానలంట. వరదలంట. రైళ్ళు నిలిచిపోయినాయంట.

ఏమంటివి? రేడియో వైపు తిప్పితే నా మాట ఆడికి పోదా? అయితే సగమే విన్నాడా? ఏ సగం? పోనీలే.

ఇప్పుడు ఈ డబ్బా ఎందుకో తెలుసా నీకు? గిలక కోసం. గిలక కిర్రుమంటే ఆయనకు వినపడల్లంట. వేళ గాని వేళ కిర్రుమంటే "కోడలా" అని పిలుపు. దానికి ఆముదం పెట్టొద్దని కూడా చెప్పినాడు. చూడు, ఎట్లా ఎండిపోయిందో.

అందుకే అడుక్కుంటాండా. ఒక్క తీగ వదులుగా పెట్టు. ఎండకు పాడైందని చెప్పు. ఎవరు చూసొచ్చినారు?

తల అడ్డంగా ఊపుతావేమప్పా? గుంతకల్లు నుంచి వేరే మేస్త్రీని పిలిపిస్తాడా? పిలిపిస్తాడు. అదొక్కటే కాదులే. నీ ఇంటికీ ఈ బావి నీళ్ళే గదా పోయేది? మరిచిపోయినా.

సరే. కొట్టు మేకు.

అయ్యో, వెనక వాకిలి తడతాండేది చౌడమ్మే. ఇప్పుడే రావల్లనా? ఆగప్పా, పరీక్షకని ఫీజు పెట్టాకు, ఆమెను సైగ చేసి పంపిస్తా... పెట్టేసినావా?

...

చౌడమ్మా, నీళ్ళు లేవు. ఆ, రేపు కూడా లేవు. ఈ వాకిలికి రావాకు. పో!

...

మళ్ళీ పీకినావా? మంచిది. విన్నావు గదా ఏమన్నాడో? "బాగా పలుకుతాండాది కోడలా. ఆ తీగ ఇంకొంచెం బిగించమను." అంతే. బాగా పలుకుతాండాదంట.

చౌడమ్మను చూసినావా? ఖాళీ కడవను నిండుదాని మాదిరి చంకలో పదిలంగా పెట్టుకోని పోయింది.

మెల్లగా చెప్పుండొచ్చు నేను. ఆమె గడప అవతలే ఉండాది గదా, గుసగుసగా చెప్పినా వినపడేది. అట్లా చెప్పలేదు. ఆయనకు వినపడల్లనే అంత గట్టిగా చెప్పినా. నువ్వూ చూసినావు.

బిగించప్పా, బిగించు. ఇంకోసారి పరీక్ష అంటే, మాట్లాడేది మాత్రం నువ్వే.