గాజుపోగు నాడి

కెనడాలోని మానిటోబాలో నది గడ్డకట్టిన మధ్యాహ్నం. నడకవంతెనను ఏళ్ళుగా చూసుకుంటూ, నిన్న దాన్ని మూయించిన పెద్దాయన దూలం కింద మంచు మీద నిలబడ్డాడు. కొలతలు చూసే అమ్మాయి ఒడ్డున వ్యానులో ఉంది. ఇద్దరి మధ్యా వాకీటాకీ.

“నిన్న నీ తెరమీది గీత చటుక్కున లేచింది. దూలం సాగుతోందేమోనని వంతెనకి అడ్డంగా గొలుసు కట్టేశా. అవతలి ఒడ్డు ఒలేనా ముసలమ్మ మందుల కోసం ఊరు చుట్టి వస్తూ నన్ను తిట్టిపోస్తోంది.”

“ఏ గీత చూశారు?”

“దూలానికి అంటించిన గాజుపోగుది. రెండోది గొట్టంలో ఊరికే పడుందిగా, దాన్నెవడు చూస్తాడు?”

“అయ్యో, దాన్ని కూడా చూడాలి! దానికి వేడి ఒక్కటే తెలుసు. అంటించినదానికి వేడీ బరువూ రెండూ తెలుసు. అంటించినదాని లెక్కలోంచి గొట్టంలోదాని లెక్క తీసేస్తే మిగిలేదే బరువు. నిన్న ఏమీ మిగల్లేదు. ఎండ కాసింది, అంతే.”

“వెంట్రుకంత గాజుపోగులు ఎండనీ బరువునీ వేరుచేస్తాయా? నా చెవిలో పువ్వు పెట్టకు.”

ఆయన చప్పుడు చేయకుండా చేతి తొడుగు తీసి, పోగులున్న చోట అరచెయ్యి ఆనించాడు.

“ఏం చేస్తున్నారక్కడ?”

“ఏం, ఏమైంది?”

“బరువు కదల్లేదు. వేడి మాత్రం మెల్లగా పెరుగుతోంది. బయట చూస్తే మబ్బు... చెయ్యి పెట్టారా?”

ఆయన చెయ్యి తియ్యకుండానే వ్యాను వైపు తల తిప్పాడు.

“తియ్యండి, ఇనుముకి చర్మం అంటుకుపోతుంది!”

“ఉండవే తల్లీ. ఇన్నేళ్ళూ దీని నాడి నేను చూశా. ఇవాళ నా నాడి ఇది చూస్తోంది.”