బిగిసిన తెర ముందు సుబ్బరత్నమ్మ గారు

1971 జూన్ 14, సోమవారం ఉదయం, సత్యనారాయణపేట నుంచి నడిచివచ్చి, శ్రీమతి సుబ్బరత్నమ్మ గారు మన వర్తక సంఘం కార్యాలయంలో టైపిస్టుగా చేరారు. నెల తిరక్కముందే తమ బల్లను కిటికీ దగ్గరికీ, అక్కడి నుంచి తలుపు ఎదుటికీ మార్పించారు. కుదురుగా కూర్చోవడం వారి స్వభావంలో లేదు. ఆ అస్థిమితం సంఘానికి లాభమా నష్టమా అని పెద్దలు కొన్నాళ్ళు బేరీజు వేశారు; బజారు తెరవకముందే వారు కొట్టిన ధరల పత్రం సిరుగుప్ప బస్సెక్కడం మొదలయ్యాక ఆ ఆలోచన మానుకున్నారు.

1980లో ప్రధాన టైపిస్టు అయ్యారు. 1988లో తొలి కంప్యూటర్ వచ్చినప్పుడు, అందులో రాతపనికి ఉన్న ఎడిటర్‌ను అందరికంటే ముందు పట్టుకున్నారు. యంత్రం ఆలోచించుకునే కొద్ది వ్యవధి కూడా వారికి భారమే. వేళ్ళు బల్లమీద ఆడుతూనే ఉండేవి.

1993లో మరో యంత్రం వచ్చింది. లోపలి వ్యవస్థ వేరు. ఎడిటర్ మాత్రం పాతదేననీ, దీనికి తగినట్టు మార్చి తెచ్చామనీ అమ్మిన బెంగళూరు కంపెనీవారు చెప్పారు. సంచి మారినా సరుకు అదేనని మనవాళ్ళు నమ్మారు. తీరా పాత ఫైళ్ళు తెరిస్తే ప్రతి పంక్తి చివరా టోపీ గుర్తు, దాని పక్కన ఎం అక్షరం మొలిచి ఉన్నాయి. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు వాటిని సుబ్బరత్నమ్మ గారే ఏరారు.

ఆ ఏడాది ఆగస్టులోనే సర్వసభ్య సమావేశం. కంటోన్మెంట్‌లో కంప్యూటర్ సెంటర్ నడిపే ఎర్రప్ప గారికి టైపు పని అప్పగిస్తే ఒక కుర్చీ తగ్గుతుందని కార్యవర్గంలో కొందరు వాదించారు. సమావేశం నాటి మధ్యాహ్నానికి కొత్త నిబంధనావళి సిద్ధమైతే సుబ్బరత్నమ్మ గారి ఉద్యోగం ఉంటుంది, కాకుంటే లేదు. ఆ మాట వారికి ముఖం మీదే చెప్పారు. ఎర్రప్ప గారు ముందే వచ్చి కూర్చున్నారు.

చివరి నిబంధన ముగించి, పాత అలవాటు ప్రకారం రాసింది భద్రపరచడానికి వారు కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కారు. తెర బిగిసిపోయింది. వారు ఊరుకోలేక, చేతికందిన మీటలన్నీ నొక్కారు.

“ఏందక్కా, సచ్చిపోయినట్టుండాదే,” అన్నారు గుమాస్తా తిమ్మప్ప.

“నువ్వు బెంగళూరుకు ఫోన్ చెయ్యప్పా ముందు.”

ఇంతలో అధ్యక్షులు పంపాపతి గారు, “యాడికి పోతాది? గట్టిగా ఒత్తితే అదే వస్తాది,” అంటూ వరుసను చెరిపే మీటమీద వేలు పెట్టి తీయలేదు. “రాకుంటే స్విచ్ ఆపేద్దాంలేమ్మా.”

“ఆపితే పొద్దున్నుంచి కొట్టిందంతా పోతాది. నా కుర్చీ కూడా పోతాది. వేలు తీయండప్పా.”

బెంగళూరు ఇంజనీరు కన్నడంలో చెప్పారు: “కంట్రోల్ క్యూ ఒత్తి మేడం. ఆమేలె సుమ్నె కూతుకొళ్ళి.” అంటే, క్యూ నొక్కి ఆ తరువాత ఊరకే కూర్చోమని. కారణమూ వారే చెప్పారు. ఈ వ్యవస్థలో ఆ ఎస్ భద్రపరచదు, తెరను ఆపుతుంది. ఆగినంతసేపూ నొక్కిన మీటలు లోపల వరుసకట్టి, విడవగానే ఒక్కొక్కటే తమ పని చేస్తాయి.

సుబ్బరత్నమ్మ గారు పంపాపతి గారి వేలివైపు చూశారు. క్యూ నొక్కి రెండు చేతులూ ఒడిలో పెట్టుకున్నారు. ముందు వారు నొక్కిన మీటలే పనిచేసి, రాసే చోటు చూపే గుర్తు పైకి ఎగబాకింది. ఆపై అధ్యక్షుల వేలి ఫలితంగా నిబంధనలు వరుస వెంట వరుస మాయమయ్యాయి. ముట్టుకుంటే ఇంకా పోతాయి. పని జరుగుతుంటే చేయి కదపకుండా వారు కూర్చోగా చూడటం మాకు అదే మొదలు. నుదుటి చెమట కూడా తుడుచుకోలేదు.

తెర నిలిచాక, ఈసారి మెనూలో వెతికి, మిగిలినదాన్ని భద్రపరిచారు. “రెండు పుటలు పోయినాయి. మీరంతా బయట కూర్చుంటే గంటలో కొట్టి ఇస్తా,” అన్నారు. సమావేశం గంట ఆలస్యమైంది. నిబంధనావళిలో అక్షరం లోపం లేదు.

అయినా కార్యవర్గం ఎర్రప్ప గారి అభిప్రాయం అడిగింది. “మిషన్ కత నాకు తెలుసు. ఈడ ఒక మిషనుకు ఇన్ని చేతులుండాయి. నా వల్ల కాదప్పా,” అని వారు లేచి వెళ్ళారు. కుర్చీ తగ్గించే మాట మళ్ళీ రాలేదు.

మరుసటి ఏడాది సుబ్బరత్నమ్మ గారు కార్యాలయ సూపరింటెండెంటు అయ్యారు. చేతికింద చేరిన ఓబమ్మ గారికి పని నేర్పారు. అధ్యక్షులను మీటల దగ్గరికి రానివ్వకపోవడం అందులో మొదటి పాఠం. పంపాపతి గారు నేటికీ తెరను దూరం నుంచే చూస్తున్నారు.

ఈ నెలాఖరున సుబ్బరత్నమ్మ గారు పదవీ విరమణ చేస్తున్నారు. లెక్క ఎలా వేసినా మిగులు సంఘానిదే. సుఖంగా కూర్చోమని దీవించే సాహసం మాకెవరికీ లేదు. చూపు చెదరక, మణికట్టు నొవ్వక, నచ్చిన పని వెంట తిరుగుతూ, వారు నిండు నూరేళ్ళు ఆరోగ్యంగా వర్ధిల్లాలని మనసారా కోరుతున్నాము.