ఇంట్లోనే ఉన్నావుగా

ఆసుపత్రి వార్డు బయట బెంచీ మీద చెల్లెలు కూర్చుని ఉంది. అన్న అప్పుడే పరుగున వచ్చాడు.

“అమ్మకెలా ఉంది?”

“తుంటి ఎముక విరిగిందన్నయ్యా. బాత్‌రూములో జారిపడింది.”

“నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా?”

“పక్క గదిలోనే ఉన్నాను. మీటింగులో.”

“గోడవతల మనిషి పడితే వినపడలేదా? చెవుల్లో సీసం పోసుకున్నావా?”

“హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. అయినా అమ్మ గట్టిగా పిలిస్తే వినపడేది. కానీ పిలవలేదు.”

“ఎముక విరిగినా పిలవలేదా? ఎవరి చెవిలో పువ్వు పెడతావే?”

“పోయిన నెల మీటింగు మధ్యలో అన్నానికి రమ్మంటూ గదిలోకొచ్చింది. వీడియోలో చూసి అందరూ నవ్వారు. మా మేనేజరు నన్ను నానా మాటలూ అన్నాడు. ఆ కోపమంతా అమ్మ మీద చూపించాను. తలుపు మూసుంటే చచ్చినా పిలవొద్దన్నాను.”



“ఎంతసేపు పడి ఉంది?”

“నేను తలుపు తీసేదాకా.”

“నీ దగ్గరైతే ఇంట్లో ఎప్పుడూ మనిషుంటుందనే కదే, అమ్మను తెచ్చి దింపాను!”

“ఇంట్లో ఆఫీసుందన్నయ్యా, మనిషి లేదు. ఆ రోజే చెప్పాను. కూర్చుని చేసే పనికి అంత బిల్డప్పెందుకన్నావు.”

ఇంతలో నర్సు బయటికి వచ్చింది.

“మీ అమ్మగారు నొప్పి పుడుతున్నా మమ్మల్ని పిలవడం లేదండీ. ఎవరో ఒకరు పక్కనే ఉండాలి.”

“నేను సెలవు పెట్టి రాలేదు” అన్నాడు అన్న.

“నేనూ పెట్టలేదు. పని మధ్యలో లేచి వచ్చాను.”

“నీకు సెలవెందుకే? ల్యాప్‌టాప్ ఇక్కడికే తెచ్చుకుంటే సరిపోతుందిగా!”